టర్కీ గొంతు వస్తే

సెవస్తి ఇంట్లో వంటగది గ్రీసులో ఉంది, పడకగది టర్కీలో ఉంది. మా చిన్న గ్రీకు దీవిలో ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు, చెప్పి నవ్వుతారు. చర్చి కొండ మీద మన ఫోను టవరుంది. దాని సిగ్నలు పడమటి కిటికీలోంచి వచ్చి, నడిమి గోడ దగ్గరికొచ్చేసరికి ఊపిరి వదిలేస్తుంది. తూర్పు కిటికీ తెరిస్తే పిడికెడు సముద్రం, దాని అవతల టర్కీ ఊరు. వాళ్ల మేడల మీద ఆరేసిన దుప్పట్ల రంగులు కూడా తెలుస్తాయి. అక్కడి టవర్లు ఒకటికి నాలుగు. ఫోను పట్టుకుని పడకగదిలో అడుగుపెట్టామో లేదో, టింగుమని 'టర్కీకి స్వాగతం' అని సందేశం వచ్చి పడుతుంది. నిద్రపోవడానికి రోజూ పరాయి దేశం వెళ్లొచ్చే జనం లోకంలో ఇంకెక్కడా లేరని కాఫీ కొట్టు మికేస్ ఎండాకాలం వచ్చే ప్రతి టూరిస్టుకీ చెబుతాడు. వాళ్లు నవ్వి ఇంకో గ్లాసు ఊజో సారా తెప్పించుకుంటారు.

నవ్వు నవ్వే, బిల్లు బిల్లే. మా దీవిలో అక్షరం ముక్క రాని ముసలమ్మకు కూడా రోమింగ్ అన్న మాట వచ్చు. ఇటలీ పోయినా, పోర్చుగల్ పోయినా, మంచులో కూరుకుపోయిన ఫిన్లాండ్ పోయినా మన ఫోనుకు మన ఇంటి ధరే. అదంతా యూరప్ వాళ్లు ఒక్కటై రాసుకున్న చట్టం. ఎదురుగా కోడి కూస్తే వినిపించే ఆ ఊరు మాత్రం చట్టానికి అవతల ఉంది. అక్కడి టవరు తగులుకుంటే మనం చేసిన మాటకు డబ్బు, మనకొచ్చిన మాటకు డబ్బు. ఇంటర్నెట్ సంగతయితే చెప్పే పనే లేదు.

సెవస్తికి ఈ విద్య ఊరికే అబ్బలేదు. ఒక ఈస్టర్ పండక్కి మెల్‌బోర్న్‌లో ఉన్న పినతల్లి కూతురు ఇరీని వీడియోలో పలకరించింది. సెవస్తి మంచం మీద హాయిగా వాలి, ఆవిడ కొత్త వంటిల్లు, ఆవిడ కోడలి పెళ్లి ఫొటోలు, ఆవిడ కుక్క, అన్నీ తీరిగ్గా చూసింది. తర్వాత వచ్చిన బిల్లు చూసి రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట పడవెక్కి పెద్ద దీవి రోడ్స్‌కి వెళ్లి, ఫోన్ల కొట్టు కుర్రాడి నెత్తిన కూర్చుని, అణాపైసలతో సహా అంతా నేర్చుకుని వచ్చింది. అప్పట్నుంచి మా ఊరికి ఆవిడే ఫోన్ల పండితురాలు.

ఆవిడ చేసేదల్లా ఒకటే. ఫోను దానంతట అది టవరు వెతుక్కునే పని మాన్పించి, మన కంపెనీ పేరు ఒక్కటే ఎంచి పెట్టేది. ఇక ఆ ఫోను చచ్చినా టర్కీ టవరు మొహం చూడదు. మన సిగ్నలు లేని చోట మూగదై పడి ఉంటుంది. దీనికి ఆవిడ 'తాళం' అని పేరు పెట్టింది. ఆదివారం ప్రార్థన అయ్యాక మికేస్ కొట్టు ముందు కూర్చుంటే జనం ఫోన్లు పట్టుకుని వరస కట్టేవాళ్లు. ఒకరు గుడ్లు తెచ్చేవాళ్లు, ఒకరు నిమ్మకాయలు. ఆ కాసేపు సెవస్తికి పట్టపగ్గాలు ఉండేవి కావు. బిషప్పు గారు దీవిస్తున్నట్టు ఒక్కో ఫోనూ అందుకుని, తాళం వేసి, నాలుగు చీవాట్లు పెట్టి తిరిగిచ్చేది.

పక్కింటి త్సంపీకా అవ్వ సంగతితో ఆ చీవాట్లకు ఇంకో సూత్రం తోడైంది. అవ్వ ఒకరోజు తూర్పు వసారాలో కూర్చుని ఏదో నంబరు తప్పు నొక్కింది. అవతల ఒక అమ్మాయి గొంతు టర్కీ భాషలో ఏదో చెప్పింది. నంబరు సరికాదని కంపెనీ వాళ్లు రికార్డు చేసి పెట్టిన మాట అది. అవ్వకేం తెలుసు? "నువ్వూ చల్లగా ఉండు తల్లీ, మీ అమ్మానాన్నా బావున్నారా?" అని కుశలం అడుగుతూ చాలాసేపు కూర్చుంది. ఆ నెల అవ్వకు బిల్లు బాగానే వచ్చింది. దేనికి వచ్చిందో ఎవరూ విప్పి చూడలేదు గాని, సెవస్తి మాత్రం ఆ గొంతుకే వచ్చిందని తేల్చేసింది.

"వినండర్రా, టర్కీ గొంతు వస్తే మాట్లాడొద్దు, వినొద్దు. ఠక్కున ఫోను పెట్టెయ్యాలి. విన్న ప్రతి నిమిషానికీ మన రక్తం పోతుంది" అని కొట్టు ముందు అందరికీ చెప్పింది. చిలక్కి చెప్పినట్టు ఒక్కొక్కరి చేతా అప్పజెప్పించుకుంది.

అందరికంటే మొద్దు శిష్యుడు ఆవిడ మొగుడు స్టెర్గోసే. పెద్ద పెద్ద చేతులు, వేలు పెడితే ఒకేసారి మూడు అంకెలు నొక్కుకునేవి. మేకల భాష తప్ప ఇంకేదీ బుర్రకెక్కదని ఆవిడే పదిమందిలో అనేది. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు వెనక కాస్త చిన్నబుచ్చుకోవడం ఉండేదని ఆవిడకు తెలుసు. తెలిసినా నోరు ఆగేది కాదు.

"ఏమయ్యా, నువ్వు చెప్పు. టర్కీ గొంతు వస్తే ఏం చేస్తావ్?"

"పెట్టేస్తా."

"ఎంతసేపట్లో?"

"నువ్వు నోరు మూసేలోపు పెట్టేస్తా. అంటే బోలెడు టైముందన్నమాట."

కొట్టు కొట్టంతా గొల్లుమంది. సెవస్తి కూడా నవ్వింది. ఆ పూట వాళ్లిద్దరూ చేతులు పట్టుకుని మెట్లెక్కి ఇంటికి పోయారు.

స్టెర్గోస్ మేకల దొడ్డి దీవికి వెనకవైపు, తూర్పు ముఖాన ఉంది. నిటారు కొండ, కింద రాళ్లు, రాళ్ల కింద సముద్రం. మధ్యలో మనిషి వెడల్పు దారి. చర్చి కొండ అడ్డు కాబట్టి అక్కడికి మన సిగ్నలు రాదు. ఎదురుగా టర్కీ టవర్లు మాత్రం కొవ్వొత్తుల్లా నిలబడి కనిపిస్తాయి. చలికాలం చివర మేకలు ఈనే రోజుల్లో ఆయన రాత్రిళ్లు అక్కడే రాతి గుడిసెలో పడుకునేవాడు. అరవై దాటిన మనిషి, ఒంటరిగా. ఆయనకూ ఊరికీ మధ్య ఉన్నదల్లా జేబులో ఆ ఫోనే. ఒకసారి ఆ మాటే అడిగాడు కూడా.

"అటు పోయినప్పుడు తాళం తీసి ఉంచితే ఏం? ఏదన్నా అవసరం పడితే?"

"అవసరం పడితే నాలుగడుగులు కొండెక్కు. మన సిగ్నలే వస్తుంది. తాళం తీస్తే అవసరం పడకుండానే కొంప మునుగుతుంది."

ఆయన తలూపి, ఫోను చొక్కా లోపల పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు అలాగే వెళ్లాడు. రాత్రి రాలేదు. మేకలు ఈనే కాలం కదా అనుకుంది. ఫోను మోగలేదు. అటునుంచి ఎప్పుడు మోగింది గనక? తాళం వేసినప్పటి నుంచీ వెనకవైపు మౌనం అంటే అంతా సవ్యంగా ఉందనే అర్థం. ఆవిడ కమ్మగా నిద్రపోయింది. ఆ నిద్రను తర్వాత జన్మంతా క్షమించుకోలేకపోయింది.

పొద్దున బాగా ఎక్కాక త్సంపీకా అవ్వ గుమ్మంలోకి వచ్చి శివాలెత్తింది.

"ఏమే, నీ మొగుడు చచ్చాడా బతికున్నాడా? వాడి మేకలొచ్చి నా బఠానీ పాదులన్నీ మేసేశాయి! పొదుగులు చూస్తే పగిలేట్టున్నాయి. పాలు కూడా పిండకుండా వదిలేశాడేం, సోమరిపోతు!"

సెవస్తి పెట్టిన కాఫీ గిన్నె పొయ్యి మీదే ఉండిపోయింది. స్టెర్గోస్ జ్వరంతో కాలిపోతున్నా పాలు పిండకుండా ఉండడు. దొడ్డి తలుపు తెరిచి వదిలెయ్యడు. అవ్వకూ అప్పుడే ఆ సంగతి తట్టినట్టుంది, తిట్లు మధ్యలో ఆగిపోయాయి.

"ఏదో పనుండి..." అంది అవ్వ మెల్లిగా.

సెవస్తి చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకు పరిగెత్తింది.

రేవు పోలీసు అర్గిరిస్ పడవ తీశాడు. నెమ్మది మనిషి, మా ఊరి అల్లుడే. కొండ దారిన పోతే ఆలస్యమని సముద్రం మీద చుట్టి వెళ్లారు. గాలి బలంగా ఉంది. దొడ్డి కింద రాళ్ల దగ్గరికి వచ్చేసరికి పైన దారి అంచున ఒక మేకపిల్ల నిలబడి అరుస్తోంది. దానికి బాగా కింద, రాతి గట్టు మీద స్టెర్గోస్ పడి ఉన్నాడు. పిల్లను పైకి తోసి తాను జారాడని చూడగానే తెలిసిపోయింది. ఒక కాలు తిరగాల్సిన వైపు తిరిగి లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. కుడిచేతిలో ఫోను అలాగే పట్టుకుని ఉన్నాడు.

"బతికే ఉన్నాడు!" అని అరిచాడు అర్గిరిస్. ఆ ఒక్క మాటతో సెవస్తి ప్రాణం లేచొచ్చింది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరు చిన్న పిల్ల, చదువు ముగించి మా దీవికి వచ్చి నిండా ఏడాది కాలేదు. పొట్ట తాకి చూసి కనుబొమలు ముడిచింది. లోపల రక్తం కారుతోందనీ, రోడ్స్ నుంచి హెలికాప్టరు రావాలనీ చెప్పింది. హెలికాప్టరు గాలి తగ్గేదాకా లేవదని అటునుంచి కబురు. సెవస్తి మొగుడి చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. తలుపు దగ్గర అర్గిరిస్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

కాసేపటికి స్టెర్గోస్ కళ్లు తెరిచాడు.

"నీకు చేశానే. చాలాసార్లు చేశా. పోలేదు."

"తాళం కదయ్యా."

"తెలుసు. కొండెక్కుదామంటే కాలు రాలేదు."

"మాట్లాడకు. ఊరుకో."

ఊరుకోలేదు. ఆయన మొహంలోకి ఏదో వెలుగు వచ్చింది. పాఠం అప్పజెప్పబోయే పిల్లాడికి వచ్చే వెలుగు లాంటిది.

"తర్వాత నూట పన్నెండుకి చేశా. ఆపదలో చేసే నంబరు. అది కలిసింది."

అర్గిరిస్ తలెత్తాడు. "కలిసిందా మావయ్యా? ఎప్పుడు?"

"నిన్న. ఎండ ఉండగానే. ఒకావిడ ఎత్తింది." స్టెర్గోస్ భార్య వైపే చూస్తూ చెప్పాడు. "టర్కీ గొంతు. ఠక్కున పెట్టేశా. నువ్వు చెప్పినట్టే. చీకటి పడ్డాక మళ్లీ చేశా, మళ్లీ టర్కీ గొంతే. మళ్లీ పెట్టేశా. ఒక్క ముక్క వినలేదు."

అర్గిరిస్ తలుపు వైపు తిరిగిపోయాడు.

"బిల్లేం పడదుగా?" అన్నాడు.

 ఆయన ఎదురు చూస్తున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నోటి నుంచి ఒక్క మెప్పు కోసం ఆ మనిషి అంతలా ఎదురు చూడటం ఆవిడెప్పుడూ చూడలేదు.

"పడదు" అంది. "మంచి పని చేశావ్."

"చూశావా. నేర్చుకున్నా" అని కళ్లు మూసుకున్నాడు.

ఆవిడ లేచి అర్గిరిస్‌ని వసారాలోకి లాక్కుపోయింది. అతను గోడ వైపు చూస్తున్నాడు.

"చెప్పు. ఆ గొంతు ఎవరిది?"

"వద్దత్తయ్యా, ఇప్పుడెందుకు?"

"చెబుతావా, లోపలికెళ్లి ఆయన్నే అడగనా?"

అర్గిరిస్ టోపీ అటూ ఇటూ తిప్పాడు. "అటు టవరే తగిలింది కాబట్టి అటు వాళ్ల ఆపద ఆఫీసుకు పోయింది. తాళం వేసున్నా ఆ నంబరు పోతుంది. ఏ టవరు దొరికితే ఆ టవరు పట్టుకుని పోతుంది. సిమ్ లేకపోయినా పోతుంది."

"వాళ్లేం చేస్తారు?"

"మాకు చెబుతారు. మొన్న ఎండాకాలం జర్మనీ వాళ్ల పడవ తిరగబడితే అలాగే చెప్పారు. వాళ్లు అటు చేశారు, అటువాళ్లు మాకు చేశారు. భాష రాకపోయినా లైను మీద ఉంటే చాలు, ఎక్కణ్ణుంచో కనుక్కుంటారు." అతను రేవు వైపు చూశాడు. "నేను నిన్న ఎండ ఉండగా రేవులో ఖాళీగానే కూర్చున్నా అత్తయ్యా. చెస్ ఆడుతూ."

"దానికి డబ్బు?"

"పైసా పడదు. ఎక్కడా పడదు."

సెవస్తి వసారా గట్టు పట్టుకుని నిలబడింది. రోడ్స్ కొట్టు కుర్రాణ్ణి అన్నీ అడిగింది. చేసిన మాటకెంత, వచ్చిన మాటకెంత, సందేశానికెంత, ఇంటర్నెట్‌కెంత. ఒక్క ఈ నంబరు సంగతి అడగలేదు. అడగాలని తోచనే లేదు. ఆపద అంటే ఆవిడ లెక్కలో బిల్లు ఒక్కటే.

గాలి తగ్గింది. హెలికాప్టరు ఫుట్‌బాల్ మైదానంలో దిగింది. స్టెర్గోస్‌ని మంచంతో సహా మోసుకుంటూ పరిగెత్తారు. తలుపు దాకా వెళ్లకముందే డాక్టరమ్మాయి ఆపమంది. వంగి చూసింది, మెడ దగ్గర వేళ్లు పెట్టింది, మళ్లీ పెట్టింది. పైన రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. వాటిని ఆపమని ఎవరికీ తోచలేదు.

ఆ సాయంత్రం సెవస్తి ఆ పిల్లను సూటిగా అడిగింది. "నిన్న తెచ్చి ఉంటే?"

ఆ పిల్లకు అబద్ధం చెప్పడం ఇంకా చేతకాదు. "నిన్నంతా గాలి లేదు" అంది. "బతికేవాడు" అని కూడా అంది, అని ఏడ్చేసింది.

ఊళ్లో ఎవరికీ ఆ ఫోను సంగతి తెలియదు. అర్గిరిస్ నోరు విప్పే రకం కాదు. కొండ జారి పడ్డాడు, చలికి పోయాడు, దేవుడి ఇష్టం అనుకున్నారు జనం. సెవస్తి కూడా ఊరుకుంటే అది అలాగే చెల్లిపోయేది. ఊరుకుందామనే అనుకుంది, అబద్ధమెందుకు. స్టెర్గోస్ చావుకు తన నోరే కారణమని కొట్టు ముందు కూర్చునే జనానికి తెలిస్తే ఇక ఆ మెట్లు ఎలా దిగుతుంది, ఆ మొహాల్లోకి ఎలా చూస్తుంది? పడకగది తలుపు మూసేసి వంటింట్లో చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టింది.

కర్మ చేసిన ఆదివారం చర్చి బయట కొలివా పంచారు. ఉడికించిన గోధుమలు, చక్కెర, దానిమ్మ గింజలు. అందరూ కాగితం పొట్లాలు పట్టుకుని మికేస్ కొట్టుకు వచ్చి కాఫీలు తాగుతున్నారు. నల్లబట్టల్లో సెవస్తి గోడవారగా కూర్చుంది. త్సంపీకా అవ్వ వచ్చి పక్కన చతికిలబడి, కాసేపు ఆవిడ మోకాలు నిమిరి, తర్వాత గౌను జేబులోంచి ఫోను తీసింది.

"ఇవాళ అడగకూడదనుకో. కానీ మా మనవడొచ్చి ఏదో కెలికి పోయాడే అమ్మాయ్. పొద్దున్నించీ టర్కీకి స్వాగతం, టర్కీకి స్వాగతం అంటా ఒకటే గోల. కాస్త తాళం పడెయ్ తల్లీ."

సెవస్తి ఫోను అందుకుంది. వేళ్లు వాటంతట అవే తాళం ఉన్న చోటికి వెళ్లాయి. అక్కడ ఆగాయి.

"అవ్వా, టర్కీ గొంతు వస్తే ఏం చేస్తావ్?"

అవ్వ నడుం నిటారు చేసింది. పళ్లు లేని నోటితో గర్వంగా నవ్వింది. "ఠక్కున పెట్టేస్తా! నేనేమన్నా మర్చిపోయాననుకున్నావా?"

సరిగ్గా అదే మొహం. మంచం మీద స్టెర్గోస్ పెట్టిన మొహం. సెవస్తి లేచి నిలబడింది, కుర్చీ వెనక్కి పడిపోయింది. 

"పెట్టెయ్యకండి" అంది. "ఎవరూ పెట్టెయ్యకండి. ఆయన నూట పన్నెండుకి చేశాడు. టర్కీ ఆవిడ ఎత్తింది. నేను చెప్పానని పెట్టేశాడు. రెండుసార్లు ఎత్తింది, రెండుసార్లూ పెట్టేశాడు. ఆవిడ అర్గిరిస్‌కి చెప్పుండేది. నా మొగుడు బతికుండేవాడు."

అర్గిరిస్ బల్ల దగ్గర తల దించుకున్నాడు. మికేస్ చేతిలో పళ్లెం కింద పెట్టాడు.  ఎవరన్నా ఏదన్నా అంటే బాగుండునని ఆవిడకు అనిపించింది.

"మరి డబ్బు పడుతుందని నువ్వేగా..." అంది అవ్వ అయోమయంగా.

"ఆ నంబరుకి పడదు అవ్వా. ఎక్కణ్ణుంచి చేసినా పడదు. నాకు తెలీదు. తెలీకుండానే అన్నీ తెలిసినదాన్లా మీకందరికీ చెప్పాను."

 అవ్వ భయం అవ్వది. "నాకు వాళ్ల భాష రాదే పిల్లా. ఎత్తాక ఏం మాట్లాడను?"

"ఏడువు. కేకలు పెట్టు. మీ అమ్మానాన్నా బావున్నారా అని అడుగు. ఏదైనా సరే." సెవస్తి ఫోనుకు తాళం వెయ్యకుండానే అవ్వ చేతిలో పెట్టి, ఆ చేతిని వదల్లేదు. "మళ్లీ అడుగుతున్నా. ఆపదలో ఉన్నావ్. టర్కీ గొంతు వచ్చింది. ఏం చేస్తావ్?"

"పెట్టే..." అని నాలుక కరుచుకుంది అవ్వ. "పెట్టను. ఉంటా."

"ఎంతసేపు?"

అవ్వ ఆవిడ మొహంలోకి చూసింది.

"ఎవరైనా వచ్చేదాకా" అంది.